నాలుగు చక్రముల చోదనముగల పాత కార్లు: ఇంజను, స్వయంచాలక గేరుపెట్టెల దోషనిర్ణయము

తిరువళ్లూరు జిల్లా పళ్లిపట్టు తాలూకాలోని అత్తిమంజేరిపేట నేతపనివారి ఊరు. ఈ ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలో నుండి, సరిహద్దుల మార్పుతో నాటి మద్రాసు రాష్ట్రమునకు చేరినది. ఏలుబడి మారినను ఇండ్లలోను మగ్గముల వద్దను తెలుగు నిలిచినది. ఇచ్చటివారికి ఒకవైపు తిరుత్తణి, తిరువళ్లూరుల మీదుగా మదరాసునకును, వేరొకవైపు నగరి, పుత్తూరుల మీదుగా తిరుపతికిని రాకపోకలు తప్పవు. బేరమునకైనను, పెండ్లికైనను, కొండ మ్రొక్కునకైనను కారు కదలవలసినదే. ఆ కార్లలో ఇటీవల ఒక క్రొత్త జాతి కనబడుచున్నది. పదునైదు, ఇరువది సంవత్సరముల క్రిందట నగరములలో ధనికులు మిక్కిలి వెలపెట్టి కొన్న పెద్దబండ్లు చేతులు మారి, వెల తగ్గి, చిన్న ఊళ్లకు వచ్చుచున్నవి. వానిలో అనేకమునకు నాలుగు చక్రములకును ఇంజను బలము పారును. కొన్నింటికి గేర్లు వాటంతట అవియే మారును.

ఇది ఈ జిల్లాకు పరాయి విద్యయు గాదు. తిరువళ్లూరు సమీపమున హిందుస్థాన్ మోటార్సువారి కర్మాగారమున 1998లో మిత్సుబిషి లాన్సరు కారు వెలువడినది. 2002లో పజేరోయు, 2008లో అవుట్‌లాండరును దాని వెంట వచ్చినవి. అవుట్‌లాండరు 2.4 లీటర్ల పెట్రోలు ఇంజనుతో, మెట్లులేని స్వయంచాలక గేరుపెట్టెతో, అవసరమునుబట్టి వెనుక చక్రములకును బలము పంపు ఏర్పాటుతో వచ్చిన బండి. మిత్సుబిషి ఇచ్చటినుండి తొలగిన పిమ్మట ఆ కర్మాగారమే 2021లో సిట్రోయెన్ కార్లకు స్థానమైనది. అనగా బండ్లు మిగిలినవి గాని వానిని తెలిసిన పనివాండ్రు చెదరిపోయిరి. 2003లో భారతదేశమునకు వచ్చిన హోండా సీఆర్‌వీ, 2008లో వచ్చిన షెవర్లే కాప్టివా మొదలగువాని యజమానులదియు ఇంచుమించు ఇదే స్థితి.

ఇట్టి బండి ఒకనాడు కుదుపుతో నడచును, లేక ఎక్కుడులో ఇంజను అరచునే గాని వేగము రాదు. యజమాని దగ్గరి పట్టణమునకు తీసికొనిపోవును. ‘గేరుపెట్టె పోయినది, మార్చవలెను’ అను మాట వినబడును. క్రొత్త పెట్టె వెల పాత కారు మొత్తము వెలను మించినను ఆశ్చర్యము లేదు. కుటుంబము బండిని తుక్కుక్రింద వదలుకొనును, లేదా అప్పు చేసి పెట్టె మార్పించును. మార్పించిన తరువాతను కుదుపు పోకుండుట కద్దు. కారణమేమనగా, ఈ బండ్లలో బాధ కనబడు చోటు వేరు, దోషమున్న చోటు వేరు. ఇంజను దోషము గేరుపెట్టెలో కనబడును. టైరు దోషము వెనుక డిఫరెన్షియల్‌లో వినబడును. రేడియేటరు దోషము కొన్ని నెలల పిమ్మట క్లచ్చి పలకలను కాల్చివేయును. పడుగు మాటిమాటికి తెగుచున్నప్పుడు అనుభవముగల నేతగాడు మగ్గమును విప్పడు. గంజి పాకమును, పన్నె పండ్లను, గాలిలోని తేమను ముందు చూచును. కారు విషయమునను ఆ వరుసయే సరియైనది.

దోషమును వెదకుటకు ముందు ఈ యంత్రముల నడకను కొంత తెలిసికొనవలెను. నాలుగు చక్రముల చోదనమును ఈ దేశపు పల్లెలకు పరిచయము చేసినది జీపు. మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపులను ఇచ్చట కూర్చుట ప్రారంభించిరి. అందు ముందు చక్రములకు బలము కలుపుటకు వేరుగా ఒక మీట కలదు. బురదలోను ఇసుకలోను మీట వేయుట, గట్టి రోడ్డెక్కగనే తీసివేయుట డ్రైవరు నేర్వవలసిన మొదటి పాఠము. మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము పోవును. రెండు ఇరుసులును గట్టిగా కలిసియున్నచో ఈ తేడా పోవుటకు దారిలేక యంత్రము బిగిసికొనును. బురదలో చక్రము జారి ఆ బిగువు విడిపోవును, తారురోడ్డుపై విడిపోదు. తరువాతి కార్లలో ఈ మీటపని డ్రైవరు చేతినుండి తొలగి, రెండు ఇరుసుల నడుమనున్న ఒక క్లచ్చికట్టకు చేరినది. కట్టను బిగించునది కొన్ని బండ్లలో విద్యుత్తు, కొన్నింటిలో నూనె ఒత్తిడి. సూత్రము మాత్రము పాతదే: తేడా ఎక్కడో ఒకచోట జారి తీరవలెను, జారిన చోట వేడి పుట్టును.

స్వయంచాలక గేరుపెట్టెలో ఇంజనునకును గేర్లకును నడుమ కాలితో త్రొక్కు క్లచ్చి ఉండదు. దాని స్థానమున నూనెతో నిండిన టార్కు కన్వర్టరు ఉండును. ఒక పంకా నూనెను చిమ్మగా ఎదుటి పంకా తిరుగుటవంటిది దాని పని; జర్మను యంత్రశాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోటింగర్ 1905లోనే ఈ తెరువును కనిపెట్టెను. నూనెలో కొంత జారుబాటు తప్పదు గనుక, బండి వేగము పుంజుకొనగానే లోపలి చిన్న క్లచ్చి యొకటి రెండు పంకాలను కలిపి బిగించును. వెనుకనున్న గేర్లను నూనె ఒత్తిడియే మార్చును. మెట్లులేని పెట్టెలో గేర్లకు బదులు రెండు కప్పీల నడుమ ఉక్కుపట్టీ ఉండును. కప్పీల వెడల్పు మారుటచే నిష్పత్తి మారును. ఏ రకమైనను నూనెయే దానికి రక్తము, కండరము కూడ. బలమును చేర్చునదియు, గేరును మార్చునదియు, చల్లార్చునదియు ఆ నూనెయే.

పరీక్ష బ్యాటరీతో మొదలు పెట్టవలెను. ఇది పలువురకు హాస్యాస్పదముగా తోచును గాని, గేరుపెట్టెను నడపు విద్యుత్ మెదడు విద్యుత్తు తగ్గినచో తప్పుడు ఆజ్ఞలిచ్చును, లేనిపోని దోషములను వ్రాసికొనును. బ్యాటరీ కొనల తుప్పును గీకి, ఇంజనునుండి బండి చట్రమునకు పోవు ఎర్తు తీగను బిగించి చూడవలెను. నూలు, గంజి ఉండు ఇండ్ల చెంత నిలిపిన బండ్లలో ఎలుకలు తీగలను కొరుకుట సామాన్యము. ఒక్క తీగ తెగినను గేరు మారకపోవచ్చును. పిమ్మట చిన్న పరికరముతో బండి వ్రాసికొన్న దోషసంఖ్యలను చదువవలెను. పీ 0700 అను సంఖ్యను చూచి గేరుపెట్టె పోయినదని నిర్ణయించుట పెద్ద పొరపాటు. ఆ సంఖ్యకు అర్థము గేరుపెట్టె మెదడులో వేరొక ఫిర్యాదు దాగియున్నదని మాత్రమే. ఆ రెండవ ఫిర్యాదును చదువగల పరికరము వేరు. సంఖ్యలను వ్రాసికొనకుండ తుడిచివేయు మెకానిక్కు రోగి చెప్పబోవుచుండగా నోరు మూసిన వైద్యుని వంటివాడు.

ఇంజను దోషము గేరుపెట్టె వేషము వేయు విధములు పెక్కు. ఒక స్పార్కు ప్లగ్గుగాని, దానిపైని ఇగ్నిషన్ కాయిల్‌గాని బలహీనమైనచో ఎక్కుడులో, పెద్ద గేరులో, ఇంజను తడబడును. లోనున్నవారికది గేరు కుదుపుగా తోచును. మొదటి సిలిండరు తప్పుచున్నదని పీ 0301 సంఖ్య వచ్చినచో ఆ కాయిల్‌ను రెండవదానితో మార్చి మరల నడుపవలెను. సంఖ్య పీ 0302గా మారినచో దోషము కాయిల్‌ది. మారనిచో ప్లగ్గును, ఇంధనమును, సిలిండరు ఒత్తిడిని వెదకవలెను. దీనికి కాసు ఖర్చులేదు. గాలి లోనికి పోవు రబ్బరు గొట్టము చీలినచో మరియొక చిత్రము జరుగును: ముందుకు పోవునపుడు ఇంజను ఒకవైపు ఒరిగి చీలిక తెరచుకొనును, వెనుకకు పోవునపుడు మూసికొనును. కారు ముందుకు కుంటుచు, వెనుకకు చక్కగా నడచును. దానిని చూచి ముందు గేర్లు పోయినవనుట సులభము. ఇంజనును మోయు రబ్బరు దిమ్మలు అరిగినచో మీటను ‘డి’లో వేయగనే ఢమ్మను చప్పుడు వచ్చును. బానెట్టు తెరచి, బ్రేకు గట్టిగా త్రొక్కియుంచి, మీటను డి, ఆర్ నడుమ మార్చుచుండగా ఒకరు ప్రక్కన నిలిచి ఇంజను ఎంత ఎగసిపడుచున్నదో చూచిన చాలును.

గంటకు 60 మొదలు 80 కిలోమీటర్ల వేగమున, కాలు తేలికగా పెట్టియుండగా, గరుకు రోడ్డుపై పోవుచున్నట్లు బండి వణకుట పాత స్వయంచాలక బండ్లలో ప్రసిద్ధమైన బాధ. ఇది కన్వర్టరులోని క్లచ్చివలనను రావచ్చును, ఇంజను తడబాటువలనను రావచ్చును. భేదము తెలిసికొనుటకు సులభోపాయము కలదు. ఖాళీ రోడ్డుపై వణకు సాగుచుండగా, వెనుక దీపము వెలుగునంత మాత్రము బ్రేకును తాకవలెను. బ్రేకు తగులగానే విద్యుత్ మెదడు కన్వర్టరు క్లచ్చిని విడుచును. వణకు ఆ క్షణముననే ఆగినచో దోషము ఆ క్లచ్చిలోనో, దాని నూనెలోనో ఉన్నది. ఆగనిచో ఇంజనునే చూడవలెను.

మామూలు గేర్లుగల పెట్టెలకు మరియొక కఠినపరీక్ష కలదు. చక్రములకు అడ్డలు పెట్టి, రెండు బ్రేకులును బిగించి, ‘డి’లో పూర్తిగా యాక్సిలరేటరు త్రొక్కి, ఇంజను ఎంత చుట్టునకు చేరుచున్నదో చూచుట. సంస్థ గ్రంథములోని సంఖ్యకంటె మిక్కిలి పైకి పోయినచో లోపలి క్లచ్చిలు జారుచున్నవి. తక్కువలోనే ఆగినచో ఇంజను బలహీనము, లేక కన్వర్టరు దోషము. ఇంజనును గేరుపెట్టెను విడదీసి చెప్పు పరీక్ష ఇంతకంటె సూటిగా మరొకటి లేదు. కాని ఐదు సెకనులు మించరాదు, బండి ముందు మనిషి నిలువరాదు, ఉక్కుపట్టీ పెట్టెలకు దీనిని చేయనేరాదు.

తిరుత్తణి ఎండలు ప్రసిద్ధములు. ఆ ఎండలో పాత బండికి మొదటి శత్రువు రేడియేటరు. సంస్థ చెప్పిన శీతలద్రవమునకు బదులు బోరునీరు పోయుట ఇచ్చట అలవాటు. ఆ నీటి ఉప్పు లోపల పొరగట్టి వేడిని బయటికి పోనీయదు. అనేక కార్లలో గేరుపెట్టె నూనెయు ఈ రేడియేటరులోని చిన్న గొట్టముద్వారానే చల్లబడును గనుక, ఇంజను కాగినచో గేరుపెట్టెయు కాగును. నూనె వేడి ఎక్కినకొలది దాని ఆయువు త్వరితముగా తరుగును. అంతకంటె ఘోరమైనది, ఆ చిన్నగొట్టము లోలోపల పగులుట. నీరు నూనెలో చేరి గేరుపెట్టె నూనె గులాబిరంగు పాలవలె మారును. క్లచ్చి పలకలపై పూత ఉబ్బి ఊడిపోవును. అట్టి నూనె కనబడినయెడల బండిని ఒక్క మైలైనను నడుపరాదు. ఇక రేడియేటరులో బుడగలు, తెల్లని పొగ, నీరు కారకయే తరుగుట కనబడినచో ఇంజను హెడ్ గ్యాస్కెట్టును శంకింపవలెను. వేడి రేడియేటరు మూతను తెరవరాదను సంగతి అందరికిని తెలిసినదే. తెలిసియు కాల్చుకొనువారు ప్రతి వేసవిలో కలరు.

తిరుమల ఘాటు ఈ బండ్లకు గొప్ప పరీక్ష. ఇప్పుడు పైకి పోవుటకు 1974లో తెరచిన రెండవ మార్గమును, దిగుటకు 1944 నాటి మొదటి మార్గమును వాడుచున్నారు. దిగునపుడు మీటను ‘డి’లోనే ఉంచి బ్రేకుమీద కాలుపెట్టియుంచుట స్వయంచాలక బండి నడపువారి సామాన్యపు తప్పు. తక్కువ గేరునకు తెచ్చి ఇంజనుచేతనే వేగమును ఆపించిన బ్రేకులు కాగవు.

నూనె పరీక్షలో రంగు, వాసన, మట్టము మూడును చూడవలెను. మామూలు పెట్టె నూనె ఎరుపు. వాడకమున నల్లబడుట సహజము. మాడిన వాసన వచ్చినచో క్లచ్చిలు కాలినవి. మట్టము కొలుచు పద్ధతి అన్ని బండ్లకు ఒక్కటి గాదు. పెక్కింటికి ఇంజను నడచుచుండగా కొలువవలెను. హోండాకు మాత్రము వేడెక్కిన తరువాత ఇంజను ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషములోపల కొలువవలెను. ఒకరి పద్ధతి మరొకరికి వాడినచో మట్టము తప్పుగా తేలి, అధికముగా పోయుటయో తక్కువగా పోయుటయో జరుగును, రెండును చెరుపే. ఉక్కుపట్టీ పెట్టెకు దాని ప్రత్యేకపు నూనెయే కావలెను. మామూలు ఎఱ్ఱనూనె పోసినచో పట్టీ జారి కప్పీలను గీయును, ఆ గీతకు మందు లేదు.

ఏండ్లతరబడి మార్చని నూనెను యంత్రముతో నెట్టి ఒక్కమారు కడిగించవచ్చునా అను వివాదము మెకానిక్కులలో ఎప్పుడును కలదు. అట్లు కడిగిన తరువాత పెట్టె పోయినదనువారును గలరు, బాగుపడినదనువారును గలరు. నిజమునకు, అరిగిన క్లచ్చిగల పెట్టె కడుగకున్నను పోవలసినదే. అయినను నెట్టుడుకంటె క్రింది బిరడా తీసి కారినంత కార్చి, అంతే క్రొత్తది పోసి, కొన్నివందల కిలోమీటర్లు నడిపి, మరల రెండుమూడుమార్లు అట్లే చేయుట క్షేమము. కార్చిన నూనెను పాత్రలో పట్టి కొలువవలెను. కారినదెంతో తెలియనివాడు పోయవలసినదెంతో ఎట్లు చెప్పును?

ఇక టైర్ల సంగతి. ఈ విషయమున ఎక్కువ నష్టము, తక్కువ ఎఱుక. రెండు చక్రముల బండికి ఒక టైరు పగిలినచో ఒకటే కొనుట న్యాయమైన పొదుపు. నాలుగు చక్రముల బండికి ఆ పొదుపే ప్రమాదము. క్రొత్త టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. మిగిలిన మూడును అరిగి 4 మిల్లీమీటర్లకు వచ్చినవనుకొందము. వ్యాసార్ధమున తేడా 4 మిల్లీమీటర్లు. చుట్టుకొలతలో తేడా సుమారు 25. చుట్టుకొలత 2,200 మిల్లీమీటర్లుగల చక్రము కిలోమీటరుకు 454 చుట్లు తిరుగగా, అరిగినది 459కి పైగా తిరుగును. ఆ ఇరుసుమీది డిఫరెన్షియల్ ఈ ఐదు చుట్ల తేడాను సగముచేసి అందించును. కిలోమీటరుకు రెండున్నర చుట్లు. నూరు కిలోమీటర్ల ప్రయాణమునకు రెండువందల యేబది. అన్ని చుట్లును నడిమి క్లచ్చికట్టలో జారవలసినవే. బండి తిన్నగా పోవుచున్నను ఆ కట్ట నిరంతరము మలుపులోనే ఉన్నట్లు. సుబారు సంస్థ తన బండ్ల టైర్ల చుట్టుకొలతలలో పావు అంగుళము, అనగా ఆరు మిల్లీమీటర్లు మించిన తేడా ఉండరాదనుట ఇందులకే.

కొలుచుటకు పెద్ద పరికరము అక్కరలేదు. గాలి అన్నింటికి సమానముగా పట్టించి, చదునైన నేలపై ప్రతి టైరు అడుగున సుద్దగీత గీసి, నేలమీదను గీసి, చక్రము సరిగా ఒక్క చుట్టు తిరుగునట్లు బండిని నెట్టి, రెండవ గుర్తువరకు కొలువవలెను. బరువు మోయుచున్న టైరును కొలుచుటచే గాలిలో నిలిపిన చక్రమునకు టేపు చుట్టుటకంటె ఇది నమ్మదగినది.

ఈ దోషము చెప్పు గుర్తు స్టీరింగు పూర్తిగా త్రిప్పి మెల్లగా పోవునపుడు బయటపడును. ఎవరో బ్రేకు పట్టినట్లు బండి బిగిసి, టైరు గెంతును. అదే మలుపును ఇసుకనేలపై తిప్పినప్పుడు గెంతు మాయమగును. అవుట్‌లాండరువంటి బండిలో మీటను రెండు చక్రములకు మార్చి చూడవచ్చును. అప్పుడు గెంతు పోయినచో దోషము నడిమి కట్టలోనో, దానిని బిగించు విద్యుత్తులోనో ఉన్నది. సీఆర్‌వీలో గెంతుకు మారుగా మలుపులో వెనుకనుండి గుర్రుమను మూలుగు వినబడును. ఆ బండి వెనుక డిఫరెన్షియల్‌లో రెండు నూనె పంపులు కలవు. ముందు చక్రములు జారినప్పుడు వాని ఒత్తిడి భేదమే వెనుక క్లచ్చిని బిగించును. నూనె పాతబడగానే క్లచ్చి పలకలు పట్టిపట్టి విడుచును. సంస్థవారి ప్రత్యేక నూనె ఒక లీటరు మార్చి, ఖాళీస్థలమున కొన్నిమార్లు మెల్లగా చుట్టు తిప్పిన మూలుగు సాధారణముగా పోవును. దీనికి డిఫరెన్షియల్ మొత్తము మార్చుట అన్యాయము.

ఇన్నియు చూచిన పిమ్మటనే పెట్టెను విప్పు మాట. మట్టము సరియై, నూనె తగినదై, టైర్లు సమానమై, ఇంజను నిర్దోషమైయుండగా ఏదో ఒక గేరునందే జారుచున్నచో, లేక మీట వేసిన తరువాత బండి కదలుటకు చాలసేపు పట్టుచున్నచో, ముందు నూనె ఒత్తిడిని కొలిపించి, క్రింది తట్టను తీయవలెను. తట్టలోని అయస్కాంతములపై సన్నని బూడిదరంగు ముద్ద ఉండుట సహజము. మెరయు లోహపు పెళుసులు కనబడినచో ఆశ వదలవలెను. పెట్టెను పూర్తిగా విప్పక తప్పదు. పెళుసులు లేనిచో దోషము పెక్కుమార్లు సొలెనాయిడ్లలోనో, కవాటముల దిమ్మలోనో ఉండును. సొలెనాయిడు తీగచుట్ట నిరోధమును చిన్న మీటరుతో కొలువవచ్చును. ఇచ్చట నేతయూళ్ల మెకానిక్కులకు ఒక హెచ్చరిక అవసరము. చేతులు తుడుచుకొను కాటన్ వేస్టు ఈ పెట్టె దరికి రారాదు. కవాటముల దారులు అతి సన్ననివి. ఒక్క నూలుపోగు చిక్కినను గేరు ఆగిపోవును. పోగులూడని బట్టయే వాడవలెను. విప్పి కట్టిన తరువాత పాత కన్వర్టరును శుభ్రముచేయకయే బిగించుట, చల్లార్చు గొట్టములను కడుగకుండుట మరియొక తప్పు. పాత పెళుసులు వానిలోనే దాగి, క్రొత్త క్లచ్చిలను మొదటి ప్రయాణముననే చెరచును.

2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోను మదరాసులో కార్లు విస్తారముగా నీట మునిగినవి. చవుకగా వచ్చు పాత బండిని కొనువారు ఈ సంగతిని మరువరాదు. గేరుపెట్టెకు, డిఫరెన్షియల్‌కు గాలి పీల్చు సన్నగొట్టములు కలవు. మునిగిన బండిలో నీరు వానిద్వారా నూనెలో చేరును. కొనుటకు ముందు మూడు చోట్ల నూనెను, తివాసీల అడుగున ఒండును చూడవలెను. మునిగిన బండిని స్టార్టు చేయనేరాదు. సిలిండరులో నీరున్నచో కనెక్టింగ్ రాడ్డు వంగును.

దారిలో చెడిన బండిని ఇంటికి తెచ్చుటలోనే బాగుచేయదగినది చెడిపోవుట కద్దు. స్వయంచాలక పెట్టెలోని నూనె పంపును ఇంజను త్రిప్పును. ఇంజను ఆగియుండగా త్రాటితో ఈడ్చినచో గేర్లు నూనెలేక తిరుగును. ముందు చక్రములను మాత్రము ఎత్తి లాగినచో నేలపై తిరుగు వెనుక చక్రములు నడిమి కట్టను త్రిప్పి కాల్చును. నగరి దారిలో ఆగిన అవుట్‌లాండరునైనను, సీఆర్‌వీనైనను నాలుగు చక్రములును పలకలారీపై నెక్కించి తేవలసియుండును. అది దొరకువరకు మీటను ‘పి’లో పెట్టి, చేతిబ్రేకు వేసి, బండిని రోడ్డు ప్రక్కనే ఉంచవలెను.